పిల్లల కొండ

“ఈసారీ బంకే కొండకేనా అత్తయ్యా?” స్కీలను కారు మీద కడుతూ అడిగింది నగిసా. సప్పొరోలో వాళ్ళింటికి దగ్గరగా ఉన్న, పిల్లలు మంచు మీద జారడం నేర్చుకునే చిన్న కొండ అది.

“నీకోసమేనే! తెయినె కొండ నిటారుగా ఉంటుందని నీకు భయమటగా,” అంది ఫుసాయె.

“నాకా? మీకు మోకాళ్ళ నొప్పులని నేనే ఆగుతున్నాను!”

“ఎవరే చెప్పింది? నా మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయి.”

ఇద్దరూ నగిసా మొగుడు యుసాకు వైపు తిరిగారు. అతను కారు అద్దం మీది మంచును మరీ శ్రద్ధగా గీకుతున్నాడు.

“పైనుంచి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయమ్మా,” అని గొణిగాడు.

నగిసాకు మొగుడి మీద కోపం రాలేదు. మూడేళ్ళుగా అత్తగారు తనకోసమే పిల్లల మధ్య జారుతున్నారా!

“అత్తయ్యా, ఇవాళ తెయినెలో పైనుంచి కింద దాకా పందెం!”

“ఓడిపోతావే,” అంటూ ఫుసాయె అప్పుడే ముందు సీట్లో కూర్చుంది.