కఫీల్

“ఇచ్చినాడా, ల్యా?”

నాగలత ఫోన్లో అరిచిన అరుపుకు రోడ్డు మీద పోయే షేర్ ఆటో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

“ల్యా. నమాజ్ అయినాక ఇస్తాననె. ఇప్పుడు చూస్తే నిద్రపోతాండాడు, లేపొద్దంటాండారు,” అవతల కువైట్ నుంచి మొగుడు లోకనాథ్ నీళ్ళు నమిలాడు.

“విమానం ఈ రాత్రికే గదా మామా! సోమవారం పాపకు ఆపరేషన్. నాయన రాకుంటే ఆస్పత్రి గడప తొక్కనని అది మొండికేసి కూచుండాది.”

“నేనేం జేసేది చెప్పు? పాస్‌పోర్టు వాని చేతిలో ఉండాది.”

ఫోన్ పెట్టేసి నాగలత కుర్చీలో కూలబడింది.

లోకనాథ్ అక్కడ ఒక ఇంట్లో కారు డ్రైవరు. పనికి పిలిపించుకున్న ఆసామిని అక్కడ కఫీల్ అంటారు. విమానం దిగిన రోజే ఆ కఫీల్ ‘నా దగ్గరైతే భద్రంగా ఉంటుంది’ అని పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు. మూడేళ్ళయింది. ఇక్కడ చూస్తే తొమ్మిదేళ్ళ లహరికి వెన్నుపూస వంకర తిరిగి, ఊపిరి తీయడమే కష్టమవుతోంది. తిరుపతి డాక్టరు ఎన్ని దండాలు పెడితేనో తేదీ ఇచ్చాడు. అది తప్పితే మళ్ళీ నాలుగు నెలల దాకా దిక్కు లేదు.

“వాని పాడె గట్ట! కన్నబిడ్డ కాడికి పోతానంటే ఆపుతాడా? మనిషేనా వాడు?” నాగలత తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.

వెనకాల క్యాబేజీ తరుగుతున్న బహదూర్ కత్తి ఆపి ఒకసారి ఆమె వైపు చూశాడు. యాభైకి దగ్గర పడిన నేపాలీ మనిషి. మొగుడు కువైట్ పోయాక నాగలత రాజుపాలెంలో గొర్రెలమ్మి, ప్రొద్దుటూరు జమ్మలమడుగు రోడ్డులో ఈ ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ పెట్టింది. ఆ కొత్తలోనే వచ్చి చేరాడు. అతని చేతి ఫ్రైడ్ రైస్ కోసం జమ్మలమడుగు నుంచి కూడా బండ్లేసుకుని వస్తారు.

పక్క బేకరీ సంతోషమ్మ టీ గ్లాసు తెచ్చి నాగలత చేతిలో పెట్టింది.

“తాగు పాపా. ఏడ్చి ఏడ్చి నువ్వు పడితే ఆ బిడ్డనెవరు చూస్తారు? నీ అదృష్టం, బహదూర్ ఉండబట్టి అంగడన్నా నడస్తాంది. మా బేకరీలో నేపాలోల్లు ఆర్నెల్లు నిలబడరు. ఊరికి పోయొస్తామంటారు, మళ్ళ మొగం చూపించరు. నువ్వేం మందు పెట్టినావో ఏమో!”

అంత ఏడుపులోనూ నాగలతకు కొంచెం గర్వమనిపించింది.

“మందూ మాకూ ఏం ల్యాదు సంతోషమ్మత్తా. ఇంట్లో మనిషి మాదిరి చూసుకుంటాం. మూడేండ్లలో ఒక్క దినం గూడా యాడికీ కదల్లేదు ఆయప్ప.”

బహదూర్ మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు.

“సరేగానీ, ఎంబసీకి ఫోన్ జెయ్యి. కువైట్‌లో ఉండే మా బెంజమిన్ నంబర్ పంపినాడు. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ సొత్తంట. పట్టి పెట్టుకునేకి ఎవ్వనికీ హక్కు లేదంట. వాళ్ళే కఫీల్‌ను పిలిచి అడుగుతారంట.”

నాగలతకు వచ్చిన హిందీ కూరగాయల బేరం వరకే. నంబరు కలిసి, అవతల ఎవరో హలో అనగానే ఫోన్ తీసుకుపోయి బహదూర్ చెవికి ఆనించింది.

“నువ్వు మాట్లాడప్పా. నీ కాళ్ళు మొక్కుతా.”

బహదూర్ మొదట మెల్లగానే మాట్లాడాడు. పేరు, ఊరు, ఎన్నేళ్ళయింది. తర్వాత గొంతు లేచింది. రెండు నిమిషాల్లో అయిపోవాల్సిన మాట పది నిమిషాలు సాగింది. చివరికొచ్చేసరికి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భాష అర్థం కాకపోయినా నాగలత మనసు కరిగిపోయింది. మన కష్టాన్ని తన కష్టం అనుకునే మనిషి ఈ కాలంలో ఎవరున్నారు?

“ఏం జెప్పినావప్పా అంతసేపు?”

“కాగితం చేతిలో లేని మనిషి కట్టేసిన గొడ్డే సార్ అని చెప్పినా అక్కా. బస్సు ఎక్కాలన్నా భయం, పోలీసును చూసినా భయం. ఎప్పుడొస్తావని బిడ్డ అడిగితే చెప్పేకి జవాబు ఉండదు అని చెప్పినా.”

“బంగారట్ల చెప్పినావు! ఒకరి ఉసురు పోసుకుని బాగుపడినోడు యాడా ల్యాడు. ఆ కఫీల్ ఇంట్లో పిల్లలుండరా?”

“ఉంటారక్కా,” అన్నాడు బహదూర్, కత్తి అందుకుంటూ.

ఐదైంది. ఆరైంది. ఇంటి నుంచి లహరి రెండుసార్లు ఫోన్ చేసింది. “అమ్మా, నాయన బయల్దేరినాడా?” అని అడిగిన ప్రతిసారీ “వస్తాడు తల్లీ, వస్తాడు” అని ఫోన్ పెట్టేసింది నాగలత. నూడుల్స్ అడిగిన వాళ్ళకు మంచూరియా పొట్లం కట్టిచ్చింది. మొక్కని దేవుడు లేడు.

ఆరున్నరకు ఫోన్ మోగింది.

“నాగా! ఇచ్చేసినాడే! ఎంబసీ వాళ్ళు గట్టిగా అడిగినారంట. మొగం మాడ్చుకుని తెచ్చి చేతిలో పెట్టినాడు. ఎయిర్‌పోర్టుకు టాక్సీలో పోతాండా!”

నాగలత కెవ్వుమని కేక పెట్టి సంతోషమ్మను వాటేసుకుంది. బేకరీలోంచి మైసూర్ పాక్ డబ్బా లాక్కొచ్చి, తినేకి వచ్చిన వాళ్ళందరి నోట్లో తలా ఒక ముక్క పెట్టింది. చివరికి బహదూర్ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది.

“నువ్వు మాట్లాడబట్టే నా మొగుడు ఇల్లు చేరతాండాడు. నీ రుణం ఎట్ల దీర్చుకునేది బహదూర్? నీకేం గావల్లో అడుగు. ఏదడిగినా ఇస్తా. కాదంటే నా బిడ్డ మీద ఒట్టు!”

బహదూర్ స్టవ్ ఆర్పాడు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఏమడుగుతాడో అని సంతోషమ్మ కూడా నవ్వుతూ చూస్తోంది.

“మూడేండ్లుగా నీ బీరువాలో పెట్టుకున్న నా నేపాల్ గుర్తింపు కార్డు ఇచ్చెయ్యక్కా.”