పద్దెనిమిదేళ్ల సాక్ష్యం

"ఇవాళ నువ్వు ఆ మైకు ముట్టుకుంటే నేను మళ్లీ ఈ గడప తొక్కను నాన్నా," అంది కూతురు.

అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఆ లేత్ మిషను పనివాడి చెయ్యి ఆగిపోయింది.

కూతురు ఉత్తినే బెదిరించే రకం కాదు. బడిలో టీచరు ఉద్యోగం వచ్చి నెలయింది. పక్కనే హాస్టల్లో గది చూసుకుంది. సర్దిన పెట్టె తలుపు దగ్గర సిద్ధంగా ఉంది. పైగా ఇవాళ చర్చిలో ఆరాధనకు వాళ్ల హెడ్ మిస్ట్రెస్ వస్తోంది.

"తాగిన మత్తులో బిడ్డను మెట్ల మీద పడేశానని ఆవిడ ముందు కూడా చెబుతావా? తాగుబోతు కూతురని పిలిపించుకుంటూ పెరిగాను. ఇంక చాలదా?"

"చెప్పను."

"ఒట్టు?"

"మనం ఒట్లు పెట్టకూడదమ్మా. చెప్పనంటే చెప్పను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య నేల చూపులు చూస్తూ, "చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని అడుగుతారు," అంది.

"అడగనీ."

"అమ్మను చూడు," అంది కూతురు. "ఇన్నేళ్లూ పల్లెత్తు మాట అనకుండా భరించింది. ఇంకొకతైతే నిన్ను ఎప్పుడో వదిలేసి పోయేది."

అతను మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు. భార్య లోపలికి వెళ్లిపోయింది.

పద్దెనిమిదేళ్ల కిందట పాస్టరు గారు వాళ్లింటికి ప్రార్థనకు వచ్చి, మంచం కింద సీసాలు చూశారు. తప్పు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్నారు. ఇతను ఒప్పుకున్నాడు. దేవుడు క్షమించే ఉంటాడు. సంఘం మాత్రం వదల్లేదు.

ఆ ఆదివారమే చర్చిలో అందరి ముందు నిలబెట్టి, తాగుడు కథంతా సాక్ష్యంగా చెప్పించారు. వినీ వినగానే ఒకడు తాగుడు మానేశాడు. అదే కొంప ముంచింది. అప్పటి నుంచి నెలకోసారి, కొత్తవాళ్లు వస్తే ఇంకోసారి. సంఘంలో పిల్లలకు ఎక్కాలు రావు గాని ఇతని సాక్ష్యం కంఠతా వచ్చు. ఎక్కడైనా తడబడితే వెనక బెంచీ అందిస్తుంది. పేరు కూడా సాక్ష్యం మామగా మారిపోయింది. ఒకసారి జ్వరమని దుప్పటి ముసుగు పెడితే, పాతికమంది పాటలు పాడుకుంటూ ఇంటికే వచ్చారు. మంచం మీద నుంచే చెప్పించుకుని వెళ్లారు.

ఇవాళ కాస్త ముందే వెళ్లి పాస్టరు గారిని చర్చి మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఈ పూటకు నన్ను వదిలెయ్యండి."

"అదేంటి తమ్ముడూ? ఆ వెనక ఎర్ర చొక్కా చూశావా? పెళ్లాం ఈడ్చుకొచ్చింది. ఇంకా నోరు కంపు కొడుతోంది. నీ మాట విని పదకొండు మంది మానేశారు. వీడితో పన్నెండు మంది శిష్యులవుతారు."

"నా కూతురు ఇల్లొదిలి పోతానంటోంది అయ్యగారూ."

పాస్టరు గారు చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఇతను ఎప్పుడో ఎదురు తిరిగి బయటపడేవాడు. ఆయన ఇతని భుజం మీద చెయ్యి వేసి, "సరే, నిన్ను ఇబ్బంది పెట్టను," అన్నారు.

లేత్ పనివాడికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలు సర్దాడు, మైకు వైర్లు చూశాడు, వచ్చి తన చోట కూర్చున్నాడు. అవతలి వరసలో హెడ్ మిస్ట్రెస్ పక్కన కూర్చున్న కూతురు ఇటు చూసింది. చెప్పనని అతను తల అడ్డంగా ఊపాడు. కూతురు నవ్వింది. ఆ నవ్వు తన వైపు తిరిగి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు. ఆ హుషారులో శ్రుతి తప్పినా లెక్క చేయకుండా గొంతెత్తి పాడాడు.

పాటలయ్యాయి. పాస్టరు గారు లేచారు.

"ఇవాళ మన సాక్ష్యం మామకు సెలవు."

అందరూ నవ్వారు.

"ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇవాళ ఆ ఇల్లాలి నోట విందాం. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఒక్క మాట చెప్పలేదు. రా చెల్లెమ్మా."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కూతురే కొట్టింది. అమ్మ గోడు ఇన్నాళ్లకైనా ఒకరు అడిగారని ఆమె కళ్లు చెమర్చాయి.

భార్య లేచింది. ముందుకు నడిచి రెండు చేతులతో మైకు పట్టుకుంది.

"మా ఇంట్లో... ఆ రోజుల్లో..." అంది. పాస్టరు గారి వైపు చూడలేదు, జనం వైపు చూడలేదు. తిన్నగా కూతురి వైపే చూసింది. "అమ్మడూ," అంది.

లేత్ పనివాడి కుర్చీ వెనక్కి పడింది. నాలుగు అంగల్లో ముందుకు వెళ్లి మైకు లాక్కున్నాడు.

"నేను చెబుతాను. నా సాక్ష్యం నేనే చెప్పుకుంటాను."

"వద్దండీ," అంటూ భార్య అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అతను ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించాడు.

కూతురు లేచింది. హెడ్ మిస్ట్రెస్ చెవిలో ఏదో చెప్పి, సంచీ భుజాన వేసుకుని, వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. గుమ్మం దగ్గరైనా వెనక్కి తిరిగి చూడలేదు.

వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఎర్ర చొక్కావాడు తలెత్తాడు.

గుమ్మం వైపే చూస్తూ, జన్మలో చుక్క ముట్టి ఎరగని ఆ మనిషి, భార్య తాగిన సీసాలన్నీ తనవేనని మళ్లీ మొదటి నుంచీ ఒప్పుకోసాగాడు.