ముక్కు మీద చుక్క

“డాక్టరుగారూ, ముక్కు గీత గీసినట్టు తిన్నగా వచ్చిందండి. కానీ ఇది కూడా తీసెయ్యమన్నాను కదండీ, మర్చిపోయినట్టున్నారు,” అన్నాడు అచ్చిబాబు, కుడి ముక్కుపుటం మీది చుక్కను వేలితో చూపిస్తూ.

చిన్నప్పుడు ముక్కు కుట్టించిన బెజ్జం అది. పూడుకుపోయినా మచ్చ మిగిలింది. ఆపరేషన్‌తో వంకర పోయాక ఆ మచ్చ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. రావులపాలెం అరటి మార్కెట్లో అందరూ “పుడకేదిరా?” అని ఏడిపిస్తున్నారు. అందుకే మళ్ళీ రాజమండ్రి వచ్చాడు. ఈసారి తల్లి కూడా పట్టుబట్టి వెంట వచ్చింది.

డాక్టరు మాస్కు తియ్యకుండానే మచ్చను తడిమి చూశాడు.

“దాని జోలికెళ్ళకండి బాబుగారూ,” అంది తల్లి. “వీడికి ముందు ఇద్దరు పుట్టి పోయారండి. వీడు పుట్టగానే ముక్కు కుట్టించి, ఆడపిల్లని చెప్పుకున్నాం. అలా దక్కాడండి.”

“నాకు ముప్ఫై దాటాయమ్మా. ఇంక నన్నెవరూ ఎత్తుకుపోర్లే,” అని నవ్వాడు అచ్చిబాబు. “మీరు కానివ్వండి డాక్టరుగారూ.”

“చిన్న పనేనండి. కావాలంటే వేరే డాక్టరుకి రాసిస్తాను, చేయించుకోండి. నా వల్ల కాదు.”

“అదేంటండీ? అంత వంకర తీసినవారు ఇంత చుక్క తియ్యలేరా?”

డాక్టరు మాస్కు కిందికి లాగాడు. ఆయన కుడి ముక్కుపుటం మీద కూడా అలాంటి చుక్కే ఉంది.

“మర్చిపోలేదండి, చేతులు రాలేదు. నేనూ మా అమ్మకి మూడోవాణ్ణే.”