పదిహేడు వందలు

"ఈ లెక్క తప్పు బాబూ."

ఇంజినీరు వెనక్కి తిరిగి చూశాడు. ఆసుపత్రి బాయిలర్ గది గుమ్మంలో, రోగులకిచ్చే పొడుగు చొక్కాతో ఓ ముసలాయన నిలబడి, గోడ మీద సుద్దతో రాసిన అంకెలు చదువుతున్నాడు.

కొత్త లాండ్రీకి గంటకి వెయ్యి కిలోల ఆవిరి. వంటగదికి నాలుగు వందల యాభై. ఆపరేషన్ పరికరాల శుద్ధికి నాలుగు వందలు. మొత్తం పద్దెనిమిది వందల యాభై.

"బాయిలర్ రెండు టన్నులది. ఇంకా నూట యాభై మిగులుతోంది. తప్పెక్కడ?"

"బాయిలర్‌కి కొట్టిన రేకు మీద రాసిన రెండు టన్నులు మరిగే నీళ్ళు పోస్తే వచ్చేవి. మీరు పోసేవి చన్నీళ్ళు. వాటిని మరిగించడానికే బోలెడు వేడి పోతుంది. పదిహేడు వందలు దాటదు."

ఇంజినీరు మొహం మాడ్చుకున్నాడు. ఇంకో గంటలో లాండ్రీ ప్రారంభం. పెద్దవాళ్ళంతా వస్తున్నారు.

"పదకొండింటి ఆపరేషన్‌కి పరికరాలు తయారవ్వాలిగా. అంతవరకైనా లాండ్రీ ఆపండి."

"ఆ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మీరెళ్ళి పడుకోండి పెద్దాయనా."

 ముసలాయన వెళ్తూ వెళ్తూ, పొయ్యిలో బొగ్గు వేస్తున్న ఫైర్‌మన్ దగ్గర ఆగాడు.

"గాజు గొట్టంలో నీళ్ళు కనబడకపోతే, ఎవరు చెప్పినా నీళ్ళ పంపు వెయ్యకు నాయనా. ముందు నిప్పు లాగెయ్."

పది గంటలకి మూడు వాల్వులూ తెరిచారు.

ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పది నుంచి ఎనిమిదికి జారింది. చూస్తుండగానే ఆరుకి.

"మంట పెంచు."

ఫైర్‌మన్ పెంచాడు. ముల్లు ఆగలేదు. గాజు గొట్టంలో నీళ్ళు ఎగిరెగిరి పడి, కిందికి దిగి, కనబడకుండా పోయాయి.

ఫైర్‌మన్ పంపు కట్టేశాడు.

"ఎందుకాపావ్? వెయ్." ఇంజినీరు అరిచాడు.

"వెయ్యను సార్. లోపల గొట్టాలు ఎర్రగా కాలిపోయుంటాయి. చన్నీళ్ళు పడ్డాయంటే మనం మిగలం."

మారు మాటకి చోటివ్వకుండా వాల్వులు మూసి, నిప్పులు బయటికి లాగడం మొదలుపెట్టాడు.

బాయిలర్ చల్లబడేసరికి మధ్యాహ్నం దాటింది. పగిలిపోలేదు.

ఇంజినీరు బూడిద చేతులతోనే మళ్ళీ లెక్క వేశాడు. ఈసారి నీళ్ళ చల్లదనం కూడా కలిపి వేస్తే, పదిహేడు వందలే వచ్చింది.

వార్డు వార్డూ వెతుక్కుంటూ రెండో అంతస్తుకి వెళ్ళాడు.

"సిస్టర్, బాయిలర్ల గురించి తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. మా ప్రాణాలు నిలబెట్టారు. ఒక్క మాట చెప్పుకోవాలి."

మంచం సర్దుతున్న నర్సు చెయ్యి ఆగింది.

"పోయారండి. పన్నెండున్నరకి."

"పొద్దున నడుచుకుంటూ వచ్చారే."

"కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బింది. ఏ క్షణమైనా పగలొచ్చని ఇవాళే కోద్దామనుకున్నారు. ఆవిరి లేక పరికరాలు తయారవ్వలేదు కదండీ," అంటూ ఆవిడ దిండు గలీబు విప్పింది. "పదకొండింటి ఆపరేషన్ ఆయనదే."