అసలు రాగి

ఆటో నడిపేవాణ్నీ, కూరగాయలమ్మేవాణ్నీ, ఆఖరికి చలాన్ రాసే పోలీసునూ ‘అన్నా’ అని పిలిచే గీతాంజలి, మలక్‌పేటలోని ఆ కేబుల్ దుకాణం మెట్లెక్కి “ఓ షాపాయనా” అంది. ఆ ‘అన్నా’ను అందరి మీదా ఖర్చు పెట్టలేం కదా.

కౌంటర్ వెనక నుంచి సాగర్ లేచాడు. బోర్డు మీదున్న పేరు అతనిదే. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పెట్టుకున్నాడు. పేరుకు ఓనరు, ఇంట్లో అద్దం ఉన్నట్టు లేదు.

“మోడెం కెళ్లి పైరూము దాకా వైరు గుంజాలె. మంచి కేబుల్ చూపియ్యున్రి.”

మాదన్నపేటలో వాళ్లది మందపాటి గోడల పాత ఇల్లు. వైఫై మేడ మీదికి ఎక్కదు. ఆమె ఉద్యోగమేమో ఆ మేడగదిలోనే. మీటింగులో మాట సగంలోనే ఆగిపోతోంది. ఇంకొక్కసారి లైను తెగితే రోజూ ఆఫీసుకే రావాలని మేనేజర్ తేల్చేశాడు. ఆఫీసు ఊరికి ఆ చివర. ఇక బతుకంతా బస్సులోనే. అందుకే తెగని కేబుల్ కావాలి.

బాపు బాలనర్సింహ వారం నుంచి ఈ దుకాణం పాటే పాడుతున్నాడు. మనోళ్లేనట, బంగారమట. బాపు ఇట్లాగే మెచ్చుకున్నవి ఇంతకుముందు మూడు చూసింది. మూడూ పైన పటారం, లోన లొటారం. ఆయన చూపు మీద ఆమెకు నమ్మకం పోయింది. అందుకే ఈసారి ఇంట్లో చెప్పకుండా తనే వచ్చింది. మొహానికి చుట్టుకున్న చున్నీ విప్పలేదు. మలక్‌పేట దుమ్ము అట్లాంటిది.

సాగర్ ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు.

“క్యాట్ సిక్స్ మేడం.”

“ఎన్నేండ్లు వస్తది?”

“ఎలుకలు కొరకకుంటే పదేండ్లకు ఫికర్ లేదు.”

“కొరికితే?”

“పిల్లిని పెంచుకోన్రి. క్యాట్‌కు క్యాట్ కాపలా ఉంటది.”

తన జోకుకు తనే నవ్వాడు. ఆ నవ్వు ఒకటి, గిన్నెల మీద గిన్నె పడ్డట్టు. గీతాంజలి పెదవి విరిచింది.

“క్యాట్ ఎయిట్ లేదా? పైసలకు చూసుకునేది లేదు.”

“ఇంట్లకు ఎనిమిదేంది మేడం? గిదే మస్తు. దండగ ఖర్చు ఎందుకు?”

చేతికొచ్చిన బేరాన్ని కాలితో తన్నుకునే మనిషి. వీడికి దుకాణం ఎవరు పెట్టించారో గానీ వాళ్లకు దండం పెట్టాలి.

“రేపొచ్చి తీస్కపోతే?”

“రేపు షాపు బంద్ మేడం. మా అమ్మ ఒక కాడికి రమ్మన్నది.”

“అమ్మ రమ్మంటే షాపు బంద్ వెడతరా?”

“పోకుంటే లొల్లి జేస్తది.”

మీసాలొచ్చి ఎన్నాళ్లైందో, ఇంకా అమ్మ చాటు బిడ్డే. గీతాంజలి బ్యాగులో చెయ్యి పెట్టింది. లోపల బ్లేడు ఉంది. తీగ గీకితే లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా ఉంటే అల్యూమినియం. ప్రతి దుకాణదారుడూ ముందు ప్రమాణం చేస్తాడు, గీకాక నీళ్లు నములుతాడు. ఆ తమాషా చూడ్డానికే తెచ్చింది.

“గిది అసలు రాగేనా?”

సాగర్ తల గోక్కున్నాడు. డబ్బా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

“డబ్బా మీద అట్లనే రాసిన్రు మేడం. కానీ కాదు. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. నన్ను ముంచిన్రు. తెచ్చినంక తెలిసింది.”

“మరి నాకెందుకు చూపిన్రు?”

“ఉన్నది గిదే. చూపిన. అడిగిన్రు, చెప్పిన.” డబ్బా వెనక్కి లాక్కున్నాడు. “మీరు ఉద్యోగం జేసేటోళ్ల లెక్క ఉన్నరు. పదేండ్లన్నది అసలుదాని ముచ్చట, గిది ఏడాదికే సతాయిస్తది. దబీర్‌పురా స్టేషన్ రోడ్ల సీమోనన్న షాపు ఉంటది. ఆడ అసలుది దొరుకుతది.”

బ్లేడు తీసే ముచ్చట కూడా లేకుండా చేశాడు.

గీతాంజలి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. సరుకు కొనడంలో మోసపోయాడు. పోనీ ఆ మోసాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దే తెలివైనా లేదు. గడప తొక్కిన లక్ష్మికి పక్క కొట్టు దారి చూపించాడు. ఇతనితో వేగాలంటే భూదేవికున్నంత ఓర్పు కావాలి.

“షాపు గిట్లనే నడిపిస్తరా?” అంది.

“గిట్లనే నడుస్తది మేడం,” అన్నాడు, నవ్వుతూ. మళ్లీ అదే గిన్నెల చప్పుడు.

ఆమె వెళ్తున్నానని కూడా చెప్పకుండా మెట్లు దిగింది.

సీమోను దుకాణంలో కేబుల్ కొంది. అక్కడే బ్లేడుతో గీకి చూసింది. లోపల కూడా ఎర్రగానే ఉంది. డబ్బాను స్కూటీ ముందర పెట్టుకుని, చున్నీ విప్పి, బాపుకు ఫోన్ చేసింది.

“బాపూ, రేపు నన్ను చూడనీకి వస్తున్న గా కేబుల్ షాపు సంబంధం ఖాయం చేస్కో.”