హీబ్రూలో ఒక కాఫీ

రివ్కా మూడో కాఫీ కప్పు కూడా పక్కకి జరిపేసింది.

మధుమిత ఆ కప్పు వంకా అత్తగారి వంకా మార్చి మార్చి చూసింది. పొద్దున పాలు ఎక్కువ పోసి ఇచ్చింది, తాగలేదు. మధ్యాహ్నం పంచదార లేకుండా ఇచ్చింది, తాగలేదు. ఇప్పుడు మిస్సిసాగాలోని ఇండియన్ షాపు నుంచి తెచ్చిపెట్టుకున్న ఫిల్టర్ కాఫీ పొడితో, స్టీలు గ్లాసు పక్కన పెట్టి, చుట్టాలొస్తేనే తీసే పింగాణీ కప్పులో నురగ తేలేలా పోసి ఇచ్చింది. దానికీ అదే మర్యాద జరిగింది.

రివ్కా మధుమిత భర్త నదవ్‌కి తల్లి. తన ఊరు హైఫా నుంచి, టొరంటో పక్కనున్న ఓక్‌విల్‌లోని వీళ్ళ టౌన్‌హౌస్‌కి వచ్చి రెండు నెలలైంది. ఆవిడకి హీబ్రూ తప్ప రాదు. మధుమితకి హీబ్రూలో నమస్కారం, థాంక్స్ తప్ప రావు. ఇంట్లో ఉన్న ఒక్క దుబాసీ నదవ్. అతనేమో పొద్దున్నే టొరంటో ఆఫీసుకి వెళ్ళిపోతాడు. వారం రోజులుగా ఆవిడ మంచినీళ్ళూ రెండు బ్రెడ్డు ముక్కలూ తప్ప ఏమీ ముట్టకుండా, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బయట మంచు చూస్తోంది.

ఇవాళ పొద్దున ఆఫీసుకి వెళ్తూ నదవ్ గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మకి ఇక్కడ బాగాలేదు మధూ. టొరంటోలో ఒక సీనియర్స్ హోమ్ ఉంది, అంతా హీబ్రూ మాట్లాడేవాళ్ళే. ఒక రూమ్ ఖాళీగా ఉంది. సాయంత్రం ఐదులోపు కన్‌ఫర్మ్ చెయ్యాలి" అన్నాడు.

మధుమితకి ఏడుపొచ్చినంత పనైంది. తను ఏం తక్కువ చేసిందని? ఈ రెండు నెలల్లో అత్తగారిని చెంచా ఎత్తనివ్వలేదు. ఆవిడ కిచెన్ వైపు అడుగేస్తే చాలు, లాప్‌టాప్ వదిలేసి ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టేది. మధ్యలో ఉన్న ఆఫీసు మీటింగుల్ని కూడా లెక్కచెయ్యలేదు. ఈ రోజుల్లో ఏ కోడలు ఇంత చేస్తుందని ఫ్రెండ్ శ్యామల మెచ్చుకుంది కూడా. అలాంటిది ఇంటి పెద్దని హోమ్‌లో పెడితే ఇక తన బతుక్కి అర్థమేముంది? ఐదులోపు ఆవిడ చేత ఒక్క కప్పు తాగించగలిగితే, నదవ్‌కి ఆ మాట చెప్పి ఆపొచ్చు.

ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టింది. అది గడగడా హీబ్రూ మాట్లాడగానే రివ్కా దాన్ని ఎగాదిగా చూసి మొహం తిప్పేసుకుంది. ఫోన్‌తో పనికాదని తేలిపోయింది. తనే మాట్లాడాలి.

వెతగ్గా వెతగ్గా ఒక పేజీ దొరికింది. హీబ్రూలో కాఫీ ఆర్డర్ చెయ్యడం ఎలా అని. తీరా చూస్తే అన్నీ షాపుకెళ్ళినవాళ్ళు అడిగే మాటలే. ఇచ్చేవాళ్ళు ఏమనాలో ఒక్క ముక్క లేదు. మధుమిత కాసేపు ఆలోచించి, పోనీలే అనుకుంది. ఆవిడ అనాల్సిన మాటలు తను ఒక్కొక్కటే చదువుతుంది, నచ్చిన కాఫీ దగ్గర ఆవిడ తలూపుతుంది. అంతే కదా.

అత్తగారి ఎదురుగా నేలమీద కూర్చుని, గొంతు సవరించుకుని చదివింది.

"అనీ రోత్సా కఫే, బెవకషా."

నాకు కాఫీ కావాలండీ అని దానర్థం. రివ్కా కిటికీ మీంచి చూపు తిప్పింది. మధుమిత వైపు వేలు చూపిస్తూ ఏదో అడిగింది. కాఫీ నువ్వే పెడతావా అంటోందనుకుని మధుమిత గట్టిగా తలూపింది. కోడలు అత్తగారిని కాఫీ పెట్టివ్వమని అడగడమనేది ఆమె ఊహకే అందని సంగతి.

రివ్కా లేచింది. మధుమిత కంగారుగా అడ్డం వెళ్ళబోతే, భుజాలు పట్టుకుని తను లేచిన కుర్చీలోనే కూర్చోబెట్టింది. గదిలోంచి ఒక పొట్లం తెచ్చింది. విప్పగానే ఏలకులు కలిపిన కాఫీ పొడి వాసన ఇల్లంతా పట్టింది. అలమారలన్నీ తెరిచి చూసి, చివరికి పోపు గిన్నె తీసి కడిగి స్టవ్ మీద పెట్టింది. అందులో ఇంగువ వాసన పోదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చినా మధుమిత మింగేసింది.

రెండు గ్లాసుల్లో పోసి ఒకటి కోడలికిచ్చింది. నల్లగా, చిక్కగా, ఏలకుల వెనకాల సన్నగా ఇంగువ. మధుమిత ఒక గుక్క తాగి థాంక్స్ చెప్పింది. అది చూశాక రివ్కా తన గ్లాసెత్తి, ఆపకుండా సగం తాగేసింది. మధుమితకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఐదవుతుండగా నదవ్ ఫోన్ చేశాడు. హోమ్ వాళ్ళు రెండో లైన్లో ఉన్నారట, ఏం చెప్పమంటావని అడిగాడు. మధుమిత ఫోన్ అత్తగారికిచ్చింది. ఆవిడ స్టవ్ తుడుస్తూనే కొడుకుతో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. తర్వాత ఫోన్ తిరిగిచ్చి, పోపు గిన్నె కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. ఈసారి మధుమిత లేవలేదు.

"రూమ్ వద్దని చెప్పేస్తున్నా" అన్నాడు నదవ్.

"మీ అమ్మ ఏమంది?"



"నువ్వు బాధపడతావని చెప్పలేదు మధూ. ఆ హోమ్‌కి వెళ్తానని అడిగింది అమ్మే. ఎందుకో మాత్రం ఇవాళే చెప్పింది. అక్కడ ఎవరి కాఫీ వాళ్ళని పెట్టుకోనిస్తారట."