పదకొండో వరుస

టీచరమ్మ కంచె మీదుగా చెయ్యి చాపి, పక్క పొలంలోని క్యాబేజీ ఆకు ఒకటి తుంచింది.

ఆ ఆకు జల్లెడలా ఉంది.

శనివారం కూరగాయలకు వచ్చిన పదిమందీ దగ్గరికి జరిగారు.

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పిన మనిషి ఆమె. రుజువు చూపనిదే మాట చెప్పదు.

“ఇది మందు కొట్టిన పంట. ఇదేమో చేత్తో పురుగు ఏరిన నా పంట.”

రెండో చేతిలోని ఆకుకు ఒక్క చిల్లు లేదు.

“అంత విషం కొట్టినా పురుగు బతికే ఉంది. మరి ఆ విషం ఎవరి పాలైనట్టు?”

“మన పాలే!” అన్నది బుట్ట చంకన పెట్టుకున్న ఒకావిడ.

అందరూ నవ్వారు.

కంచె అవతల, వీపున మందు పంపుతో నిలబడిన పెద్దాయన అంతా విన్నాడు. ఆ పొలం ఆయనదే.

“పాఠం బాగుంది టీచరుగారూ. ఫీజేమీ లేదు కదా?”

“మీకు ఉచితమే. ఒంటబడితే చాలు.”

“ఈ వయసులో ఏం ఒంటబడుతుంది లెండి. మీ క్యాబేజీ ఒకటి కొనే డబ్బుతో నావి మూడొస్తాయి. నలుగురు పిల్లల తల్లి ఏది కొనాలంటారు?”

“పిల్లలు బాగుండాలనుకుంటే నాదే.”

“నాది తిని ఇంతవరకూ ఎవరూ పోలేదండీ.”

“బాగున్నామని మీకొచ్చి ఎవరైనా చెప్పారా?”

ఈసారి పెద్దాయన కూడా నవ్వాడు. ఆ తరువాత తలెత్తి చెట్ల కొమ్మల వైపు చూశాడు. పంపు దించి గట్టు మీద కూర్చున్నాడు.

“అదిగో, అప్పుడే అలిసిపోయాడు,” అన్నది టీచరమ్మ గొంతు తగ్గించి. “పని మొదలుపెట్టకముందే చతికిలబడే మనిషిని ఈయన్నే చూశాను.”

ఆమె ముందుగదిలో గోడ మీద పన్నెండు ధ్రువపత్రాలు వరుసగా ఉన్నాయి. ఏటా తనిఖీ అధికారి వచ్చేవాడు. కంచె పక్క మొక్కల ఆకులనే ఏరి పరీక్షకు పంపేవాడు. ఒక్క ఏడు మందు జాడ తేలినా, గేటుకున్న ‘సేంద్రియ తోట’ బోర్డు దించెయ్యాలి. పన్నెండేళ్లలో ఒక్కసారీ తేలలేదు. ఆ గోడను చూసినప్పుడల్లా ఆమె వెన్ను నిటారుగా నిలిచేది.

మరుసటి పంట గడ్డ కట్టే రోజుల్లో పెద్దాయన పోయాడు.

పరామర్శకు వెళ్లాలనుకుంది టీచరమ్మ. తనిఖీ పనుల్లో పడి వెళ్లలేదు.

అధికారి పదమూడో ధ్రువపత్రం స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

“ఒక్కటి అడగనా మేడమ్? గాలి ఎక్కువగా ఆ పొలం మీంచే మీ వైపు వస్తుంది. ఏదో ఒక ఏడు మీరు దొరికిపోవాలి. ఎలా తప్పించుకుంటున్నారు?”

“నా కంచె!” అన్నది గర్వంగా.

అధికారి కంచెను చూశాడు. అది ఆమె నడుము దాకా కూడా లేదు.

“కంచె అనే రాసుకోమంటారా?”

“రాసుకోండి.”

అతను వెళ్లిపోయాక, ఆ జవాబు సైన్సు టీచరుకే సరిపోలేదు.

మర్నాడు ఉదయం పక్క పొలంలో పెద్దాయన కూతురు పంపు తగిలించుకుని కనిపించింది. ఎక్కడో దూరం నుంచి మందు కొట్టుకుంటూ వచ్చి, కంచెకు కొంత ఎడంగా ఆగి, వెనక్కి తిరిగింది.

“అమ్మాయ్! ఈ వరుసలు మరిచిపోయావు.”

“మరిచిపోలేదండీ. వీటికి మేమెప్పుడూ కొట్టం.”

“ఎప్పుడూ అంటే?”

“మీరు బోర్డు పెట్టినప్పట్నుంచీ. మీ పక్కన పది వరుసలు వదిలెయ్యమన్నారు నాన్న. గాలి మీ వైపు తిరిగితే పంపు దించి కూర్చోమన్నారు. ఆయనా అలాగే కూర్చునేవారుగా, మీరు చూళ్లేదూ?”

టీచరమ్మ కంచెను పట్టుకుంది.

“ఆయనకు నా సాగు మీద నమ్మకమే లేదు కదమ్మా?”

“గింజంత కూడా లేదండీ!” నవ్వింది అమ్మాయి. “‘నేను నమ్మకపోతేనేం, ఆవిడ నమ్మింది. నలుగురికీ మాటిచ్చి అమ్ముతోంది. ఆ మాట నా పొలం గాలికి పోకూడదు’ అనేవారు.”

“మరి నేను ఆ ఆకులు తుంచి, అందరి ముందూ…”

“అయ్యో, ఆ పాఠం మా ఇంట్లో అందరికీ వచ్చు! శనివారం రాగానే ఆకు పట్టుకుని అచ్చం మీలాగే చెప్పేవారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.”

“నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?”

“చెబితే మీ పాఠం పాడైపోతుందన్నారండీ.”

టీచరమ్మ మొదటిసారి కంచె దాటింది. వరుసలు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పది వరకూ జల్లెడలే. పదకొండో వరుసలో గడ్డలు గట్టిగా, నున్నగా, ఒక్క చిల్లు లేకుండా ఉన్నాయి.

పదమూడేళ్లలో తన చూపు అక్కడి దాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు.

శనివారం వచ్చింది. ఆమె ఎప్పటిలాగే చెయ్యి చాపి ఆకు తుంచింది. అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

“ఇదేమిటో చెప్పండి.”

“మందు కొట్టినా పురుగు పట్టిన ఆకు!” అన్నది బుట్టావిడ.

“కాదు,” అన్నది టీచరమ్మ. తన పంటను చూపించేటప్పుడు కూడా ఆ గొంతు ఎన్నడూ అంత గర్వంగా పలకలేదు. “పదమూడేళ్లు నా తోటకు కాపలా కాసిన ఆకు.”